పికో ఆంపియర్ మీద నూనె వేలు

ఆయన్ని నేను ఈనాటికీ క్షమించలేదు. క్షమించే ఉద్దేశమూ లేదు. ముందే చెప్పేస్తే నా మంచితనం మీద ఎవరికీ ఆశలుండవు.

మదనపల్లెలో నేను చదివిన కాలేజీలో ఆయన నా ప్రాజెక్టుకి గైడు. ప్రాజెక్టేమో అతి చిన్న కరెంటుని కొలిచే సర్క్యూట్. ఒక ఆంపియర్‌ని లక్ష కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క పికో ఆంపియర్. అంత పిసరు కరెంటుని పట్టాలంటే ముందు చుట్టుపక్కల గోల అణచాలి. ఫ్యాను తిరిగినా, తీగ కదిలినా, పక్కన ఎవరైనా నైలాన్ చీర కట్టుకుని నడిచినా అంకె ఎగురుతుంది. ఏడాదంతా ఆ గోలతోనే కాపురం చేశాను. పుంగనూరులో మా ఇంట్లో ఖాళీ అయిన నెయ్యి డబ్బాని తెచ్చి సర్క్యూట్‌కి గూడు చేశాను. బోర్డు మీద కాస్త తేమ ఉన్నా కరెంటు దొంగదారిన పారిపోతుందని, అసలు తీగని బోర్డుకి తగలనీయకుండా గాలిలోనే నిలబెట్టి టంకం పెట్టాను.

అందులో గాజు గొట్టంలో ఉండే రెసిస్టర్ ఒకటుంది. దాన్ని చేత్తో ముట్టకూడదు. వేలి జిడ్డు చాలు, కొలత గల్లంతు. సారుకేమో దేన్నైనా వేలితో పొడిచి చూపించే అలవాటు. ఆ వేలు లేచినప్పుడల్లా నేను గబుక్కున చీపురుపుల్ల అందించేదాన్ని.

"నువ్వు పుట్టకముందు నుంచి సర్క్యూట్లు చేస్తాండాను లే మ్మా" అనేవాడు. పుల్ల మాత్రం తీసుకునేవాడు.

కుప్పంలో ప్రదర్శన అన్నారు. పోస్టర్ అచ్చయి వచ్చింది. దాని మీద ఆయన పేరు ఒక్కటే ఉంది. నా పేరేది సార్ అని అడిగాను.

"టంకం పెట్టినోళ్ళ పేర్లంతా ఏసుకుంటా పోతే జాగా యాడుండాది మ్మా?" అని ల్యాబులో అందరి ముందూ నవ్వాడు.

ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చి అన్నం కూడా ముట్టలేదు. అమ్మ కాసేపు విని, "ఆయప్పతో నీకేల మే? గమ్మునుండు" అంది. గమ్మునుంటే చాలని నాకు అప్పుడే తట్టింది. అమ్మ అన్నది ఒకటి, నేను పట్టుకున్నది ఇంకొకటి. కంచం దగ్గరికి లాక్కుని తృప్తిగా తిన్నాను.

పొద్దున్నే పుంగనూరులో బస్సెక్కాను. డబ్బా నా ఒళ్ళో, పోస్టర్ కారులో ఆయన పక్కన. కుప్పంలో మా బల్ల దగ్గరికి బెంగుళూరు నుంచి వచ్చిన పెద్దవాళ్ళు చేరారు. అంతలో వడలొచ్చాయి. పంచమని సారు నాకే చెప్పాడు. అందరికీ చేతులు తుడుచుకోవడానికి కాగితం ముక్క ఇచ్చాను. ఆయనకి వడలు రెండిచ్చి కాగితం ఇవ్వలేదు. ఆయన చేతులు ఒకదానికొకటి రాసుకుని మాట్లాడడం మొదలుపెట్టాడు.

మూత వేసిన డబ్బా పక్కన మీటరు మీద అంకె కదలకుండా నిలబడింది. అందరూ తలలూపారు. లోపల చూపిస్తారా అని వాళ్ళలో ఒకావిడ అడిగింది. సారు మూత తీశాడు. "అంతా దీంట్లో ఉండాది మేడమ్" అంటూ గాజు రెసిస్టర్‌ని ఈ కొస నుంచి ఆ కొస దాకా వేలితో నిమిరాడు.

చీపురుపుల్ల నా చేతిలోనే ఉంది. గమ్మునున్నాను.

మళ్ళీ మూత పెట్టాడు. అంకె ఎక్కడం మొదలైంది, దిగింది, మళ్ళీ ఎక్కింది. ఎక్కడా నిలవలేదు. డబ్బాని తట్టాడు, తీగ లాగాడు. ఇంకా ఎగిరింది. "యాల ఇట్లయితాండాది?" అని నా చెవిలో అడిగాడు. నేను వడల పళ్ళెం వైపు చూస్తూ నిలబడ్డాను. ఆయన మొహాన పట్టిన చెమటలు ఓరకంట చూస్తుంటే ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

అప్పుడు ఆయన నేను కలలో కూడా అనుకోని పని చేశాడు. "ఇదంతా ఈ పాపే చేసింది మేడమ్. డిజైను నుంచి టంకం దాకా అంతా ఆమెదే. నేను సరిగా చూసుకోలేదు" అన్నాడు.

ఆవిడ నా వైపు తిరిగింది. "నువ్వేనామ్మా చేసింది?"

"నేనే మేడమ్. ఇప్పుడే బాగుచేస్తాను" అన్నాను.

సంచిలోంచి స్పిరిట్, బ్రష్షు తీశాను. అవి లేకుండా నేనెక్కడికీ పోను. గాజుని కడిగి, టేబుల్ లైటు కింద ఆరబెట్టి, మూత పెట్టాను. అందరూ మీటరు చూస్తున్నారు. అంకె మెల్లగా దిగి, పాత చోటికి వచ్చి నిలబడింది. ఏమైందమ్మా అని ఆవిడ అడిగింది.

"నూనె చెయ్యి తగిలింది మేడమ్" అని, సారు వైపు తిరిగి, "చేతులు కడుక్కుని రండి సార్" అన్నాను.

ఆయన వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి అందరూ నన్నే ప్రశ్నలు అడుగుతున్నారు. ఆ సర్క్యూట్ ఎవరిదని ఇప్పుడెవరైనా అడిగితే నేను వాదించను. నాదేనని అంతమంది ముందర ఆయనే చెప్పాడు కదా.