మోకాలెత్తు రోబోకి నా గొంతు

పిల్లలు చూసే ఒక బొమ్మల సీరియల్లో మోకాలెత్తు రోబో ఒకటి ఉంటుంది. తెలుగులో దాని గొంతు నాది. ఈ మాట చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు. అడిగినవాళ్ళకీ చెబుతాను, అడగనివాళ్ళకీ చెబుతాను. మహబూబాబాద్‌లో మా అత్తగారు తమ బట్టల షాపుకి వచ్చినవాళ్ళందరికీ "మా కోడలు టీవీల మాట్లాడ్తది" అని గొప్పగా చెప్పేది. "వార్తలు చదువుతదా?" అని వాళ్ళు కళ్ళు పెద్దవి చేసి అడిగేవాళ్ళు. "కాదు, రోబో" అనేసరికి చీర మడతలు సవరించుకుంటూ మాట మార్చేవాళ్ళు. వాళ్ళ పక్కన పిల్లలెవరైనా ఉంటే మాత్రం కథ వేరేగా ఉండేది. నేను షాపులో ఉన్నప్పుడైతే ఆ పిల్లలు నా కొంగు వదిలేవాళ్ళు కాదు.

సీరియల్ ఎక్కడో బయటి దేశంలో తీసింది. తల్లి వదిలివెళ్ళిన పాత సరుకుల నౌకని ఒక అమ్మాయి ఒక్కతే నక్షత్రాల మధ్య నడుపుతూ ఉంటుంది. ఆమెకి తోడు ఈ రోబో. బొక్కెనంత ఒళ్ళు, రెండు చక్రాలు, ఛాతీ మీద ఒక చిన్న లైటు. దానికి మొహం లేదు, నోరు లేదు. మాట్లాడుతున్నంతసేపూ లైటు వెలుగుతుంది, మాట అయిపోగానే ఆరిపోతుంది. మేం దాన్ని స్టూడియోలో బుడ్డది అనేవాళ్ళం.

అంతకుముందు చాలా ఏళ్ళు నేను గుంపులో గోవిందలా పనిచేశాను. సంతలో అరుపులు, ఆసుపత్రిలో ఏడుపులు, పెళ్ళిలో నవ్వులు, అన్నీ నావే. మాది స్టేషన్ ఘన్‌పూర్. అక్కడి మాట నా నోట్లోంచి పూర్తిగా తీసేసి, ఎవరూ ఏ ఊరని కనిపెట్టలేని స్టూడియో తెలుగు నేర్చుకున్నాను. అది నా పనితనం, దానిమీదా నాకు గర్వమే. కానీ ఎప్పుడో ఒకసారి "తెలంగాణ యాస కావాలమ్మా, నువ్వు చేస్తావుగా" అని ఫోను వచ్చేది. పాత్ర ఏమిటని నేను అడిగేదాన్ని కాదు. పనిమనిషి అయినా అయి ఉండాలి, తాగి కాలవలో పడేవాడి పెళ్ళాం అయినా అయి ఉండాలి. పళ్ళు నూరుకుంటూ వెళ్ళేదాన్ని, బాగా చేసి వచ్చేదాన్ని.

బుడ్డదాని పాత్రకి గొంతు పరీక్ష పెట్టినప్పుడు అందరూ ముద్దుముద్దుగా, చిన్నపిల్లల్లా మాట్లాడారు. నాకెందుకో ఆ రోబో ముద్దుగా అనిపించలేదు. అది పెద్దమనిషి. మొండిపిల్ల వెనకాల తిరుగుతూ ఆ పిల్ల కింద పడకుండా చూసుకునే ఇంటి మనిషి. మా ఇంట్లో తాడు తెంపుకున్న దూడతో మాట్లాడినట్టు "ఆగాగు, జర ఆగు. ఎటు ఉరుకుతున్నవ్?" అన్నాను. గదిలో అందరూ పగలబడి నవ్వారు. పాత్ర నాకే ఇచ్చారు.

సీరియల్ మొదలైన కొన్నాళ్ళకే బుడ్డది పిల్లల నోళ్ళలో పడింది. అది మెట్ల మీంచి దొర్లి "గిదేందిరా నాయినా" అంటే ఇంటింటా పిల్లలు దొర్లడం మొదలుపెట్టారు. నేను కాలర్ లేని జాకెట్టుకే కాలర్ ఎగరేసుకుని తిరిగాను.

అప్పుడే మా అక్క నా గాలి తీసింది.

మా ఇంట్లో ముక్కు మీద కోపం ఇద్దరికే, అక్కకీ నాకూ. అక్క కాటారంలో సర్కారు బడిలో భౌతికశాస్త్రం చెబుతుంది. ఉండేది భూపాలపల్లిలో, రోజూ బస్సులో వెళ్ళొస్తుంది. బావ చెల్పూరు కరెంటు ప్లాంటులో బాయిలర్ దగ్గర ఇంజనీరు. వేసవిలో వాళ్ళింటికి వెళ్ళినప్పుడు, ఒక ఆదివారం పిల్లలతో కూర్చుని అక్క మొదటిసారి నా సీరియల్ చూసింది. నేను మెచ్చుకోలు కోసం చెవులు రిక్కించి కూర్చున్నాను. అయిపోయాక మామిడికాయ కోస్తూ, నా మొహం కూడా చూడకుండా అంది.

"ఏమే, గది కింద పడ్డప్పుడు మనలెక్క మాట్లాడ్తది. తొవ్వ చెప్పాల్నంటె మాత్రం వార్తలలెక్క మాట్లాడ్తది. గట్లెందుకు?"

"స్క్రిప్టే గట్ల రాసిస్తరక్క."

"రాసిస్తె? నేను బళ్లె వేడి గురించి, వెలుతురు గురించి ఏ మాటల చెప్తున్ననే? గీ మాటలనే గద. పిల్లలు నవ్వుతున్నరా? తెలివి జెప్పెటప్పుడు పనికిరాని మాట, దొర్లెటప్పుడే పనికొస్తదా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. నువ్వు చాక్‌పీసు పట్టుకుని చెప్పినంత సులువు కాదు, మైకు ముందుకి వచ్చి చూడు, అని నాలుగు అనేశాను. అక్క ఇంకో నాలుగు అంది. మామిడికాయ పప్పు చెరో మూల కూర్చుని తిన్నాం. ఆమె అన్నది తప్పయితే నాకు అంత కోపం వచ్చేది కాదు. పరకాల దాటి హనుమకొండ వచ్చేదాకా బస్సులో అదే నములుతూ కూర్చున్నాను. నేను చేసిన ఎపిసోడ్లన్నీ తలుచుకుంటే, ఒక్క తెలివైన మాట కూడా బుడ్డది మా మాటలో అనలేదు.

హైదరాబాద్ చేరాక ఆ సీజన్ చివరి ఎపిసోడ్ స్క్రిప్టు వచ్చింది. నౌకలో కొలిమి లాంటి యంత్రం వేడెక్కి పేలబోతుంది. దాన్ని చల్లార్చడం ఎలాగో బుడ్డది ఆ అమ్మాయికి ఒక్కొక్కటిగా చెప్పి చేయిస్తుంది. చివరికి లోపలికి ఎవరో ఒకరు వెళ్ళాల్సి వస్తుంది, అదే వెళుతుంది. సీరియల్ మొత్తానికి బుడ్డదాని గొప్ప ఘట్టం అది. దాని మాటలన్నీ శీతలీకరణ, ఉష్ణోగ్రత, అత్యవసరం అని రాసి ఉన్నాయి.

డబ్బింగ్ డైరెక్టర్ దగ్గరికి వెళ్ళాను. మంచి మనిషి, కోస్తా వైపు ఆయన. మైకు ముందు ఊపిరి ఎక్కడ తీసుకోవాలో నాకు నేర్పింది ఆయనే. ఈ సీను మొత్తం మా మాటలో చెబుతానన్నాను.

"వద్దమ్మా" అన్నారు. "ఇది ఏడిపించే సీను. ఆ యాసలో చెబితే నవ్వేస్తారు. ఇన్నాళ్ళూ దాంతోనే కదా నవ్వించావు?"

చెంప మీద కొట్టినట్టయింది. ఆయన వెటకారంగా అనలేదు, నిజంగా నమ్మి అన్నారు. అందుకే ఎక్కువ నొప్పేసింది.

"ఎవరూ నవ్వరు సార్" అన్నాను.

"ఛానెల్లో పైవాళ్ళకి మొండితనం నచ్చదు. వచ్చే సీజన్‌కి వేరే గొంతు చూడమంటే నేను కూడా ఏం చెయ్యలేను. ఆలోచించుకో."

ఆలోచించుకోవడానికి ఏముంది? బుడ్డది పోతే నేను మళ్ళీ సంతలో అరుపులకి వెళ్ళాలి. అది తలుచుకుంటే భయమేసింది. కానీ జీవితంలో ఒక్కసారి మా మాట ప్రాణాలు కాపాడే మాటగా తెర మీద వినపడబోతోంది. దాన్ని నా చేతులతో నేనే వార్తల తెలుగులోకి మార్చి అప్పగిస్తే, అక్క మొహం తర్వాతి సంగతి, అద్దంలో నా మొహం నేనే చూసుకోలేను.

మొండితనం ఒక్కటే సరిపోదు, ఆ సీను పండాలి. బావకి ఫోను చేశాను. "బావ, ప్లాంటుల ఏదన్న గడబిడ అయితె మీరు ఎట్ల మాట్లాడుకుంటరు?"

"ఎట్లనేంది మరదలా, మంచిగనే మాట్లాడుకుంటం" అని నవ్వాడు. తర్వాత అసలు సంగతి చెప్పాడు. "మెల్లగ మాట్లాడ్తం. ఒక్క పనే చెప్తం. అయిందని అవతలోడు అన్నంకనే ఇంకో పని చెప్తం. కేకలేసి ఒర్లితె ఆనికి చేతులు ఆడయి. ఎంత పరేషాన్ ఉంటె గంత మెల్లగ."

రికార్డింగ్ రోజు ముందు స్క్రిప్టులో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. డైరెక్టర్ మాట మీద గౌరవంతో ఒళ్ళు దాచుకోకుండా చెప్పాను. "ఎర్రని గొట్టాన్ని తక్షణమే మూసివేయుము, ఆపై నీలి గొట్టాన్ని నెమ్మదిగా తెరువుము." తెర మీద బుడ్డదాని లైటు ఆరిపోయింది, నా గొంతు ఇంకా నడుస్తూనే ఉంది. మళ్ళీ తీశాం. లైటుకి సరిపోవాలని వేగం పెంచాను. ఇప్పుడు సరిపోయింది, కానీ చావుబతుకుల సీను కాస్తా క్రికెట్ వ్యాఖ్యానంలా తయారైంది. మూడోసారి ఆయనే తల పట్టుకున్నారు. ఒక మాట తీసేద్దామన్నారు. తీశాం. అయినా లైటు ఆరాక ఒక ముక్క బయటికి తన్నుకొస్తూనే ఉంది.

"ఇప్పుడు నాది ఒక్కసారి సార్" అన్నాను.

ఆయన చెయ్యి ఊపారు, కానివ్వమని.

కళ్ళు మూసుకున్నాను. బాయిలర్ దగ్గర బావ నిలబడినట్టు, నల్లబల్ల ముందు అక్క నిలబడినట్టు అనుకున్నాను. కళ్ళు తెరిచేసరికి లైటు వెలిగింది.

"పిల్లా, జర ఇను. ఎర్ర పైపు బందు జెయ్యి." లైటు ఆరింది, నేనూ ఆగాను. అమ్మాయి రెండు చేతులతో పట్టి తిప్పింది. లైటు వెలిగింది. "అయిందా? ఇగ నీలిది ఇప్పు. మెల్లగ. ఒక్కపారే ఇప్పకు, పగుల్తది." మళ్ళీ ఆరింది. పరుగు లేదు, ఊపిరికి కూడా చోటు మిగిలింది. అసలు రాసినవాళ్ళు దానికి పొట్టిపొట్టి మాటలే ఇచ్చారు. ఆ పొట్టి మాటల్లో మా మాట కుదురుగా కూర్చుంది. చివరిదాకా ఒక్కసారి కూడా లైటు నా గొంతు కంటే ముందు ఆరలేదు.

రికార్డింగ్ గది అద్దం అవతలికి చూశాను. నవ్వితే చూద్దామని నేను ఒక్కొక్కరి మొహం వెతికాను. సౌండు ఇంజనీరు హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

డైరెక్టర్ తన మైకు నొక్కారు. "ఇంకోసారి చెయ్యమ్మా. భాష కోసం కాదు, నా కుర్చీ చప్పుడొచ్చింది."

అంత గొప్ప మెప్పు నాకు అంతవరకు ఎవరూ ఇవ్వలేదు. కానీ వెళ్ళేటప్పుడు ఉన్నమాట కూడా చెప్పారు. రెండూ పైకి పంపుతాననీ, తన ఓటు రెండోదానికేననీ, వాళ్ళు ఏది వేస్తారో మాత్రం తన చేతుల్లో లేదనీ. మా పనిలో అంతే. గొంతు ఇచ్చేసి వచ్చాక అది ఏమైందో టీవీలో చూసి తెలుసుకోవాలి.

ఆ ఎపిసోడ్ వచ్చే ఆదివారం ఒంటరిగా చూసే ధైర్యం లేక భూపాలపల్లి వెళ్ళాను. అక్కకి రికార్డింగ్ సంగతి అంతా చెప్పాను. "చూద్దాం తియ్" అని మాత్రం అంది. హాలు నిండా పిల్లలు. అక్క కొడుకులు ఇద్దరు, వాళ్ళ వాకిట్లో ఆడుకునే వాళ్ళందరూ. బావ డ్యూటీ దిగి వచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు. నేను వెనక గోడకి ఆనుకుని కూర్చున్నాను.

మొదట్లో బుడ్డది ఎప్పటిలాగే దొర్లింది. పిల్లలు గొల్లున నవ్వారు. ఇప్పుడు నవ్విన నవ్వే అప్పుడూ నవ్వితే? డైరెక్టరే నిజమైతే? అసలు నాది వెయ్యకపోతే?

కొలిమి ఎర్రబడింది. అమ్మాయి అరుస్తోంది. లైటు వెలిగింది.

"పిల్లా, జర ఇను."

అక్క ఠక్కున నిటారుగా కూర్చుంది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు. ఎర్ర పైపు బందయింది. నీలి పైపు తెరుచుకుంది. పిల్లల్లో ఒకడు తెలియకుండానే గాల్లో చెయ్యి మెల్లగా తిప్పుతున్నాడు. తలుపు దగ్గర బావ "గట్లనే, గట్లనే" అని గొణుగుతున్నాడు. ఒక్కరంటే ఒక్కరు నవ్వలేదు. దాని యాస ఏమిటో కూడా ఎవరికీ పట్టలేదు. దాని మాట వింటున్నారు, అంతే.

ఇక లోపలికి వెళ్ళాల్సిన చోటు వచ్చింది. అమ్మాయి దాన్ని పట్టుకుని వదలడం లేదు. బుడ్డది వెనక్కి తిరిగింది.

"నువ్వు నడువు బిడ్డా. నేను ఎనుకనుంచి వస్త."

తలుపు మూసుకుంది. అద్దంలోంచి కొంచెంసేపు లైటు కనిపించింది, తర్వాత అదీ కనిపించలేదు. పేర్లు పడటం మొదలైంది.

పక్కింటి చిన్నపిల్ల ఏడుపు అందుకుంది. అక్క చిన్నకొడుకు దాని మీద కసురుకున్నాడు. "ఎందుకేడుస్తున్నవే? వస్తనన్నది గద. వస్తది." అంటూనే వాడు మొహం అటు తిప్పుకున్నాడు. మిగతావాళ్ళు లేవడం లేదు. టీవీలో సబ్బు ప్రకటన వస్తున్నా దాన్నే చూస్తున్నారు.

ఆ హాల్లో ఆ క్షణాన నా అంత గర్వంగా ఉన్న మనిషి ఇంకొకరు ఉండరు. అక్క ఏమంటుందో అని చూశాను. వేడి, వెలుతురు అన్నీ తెలిసిన టీచరు. అది బొమ్మ అని తెలుసు, ఆ గొంతు గోడకి ఆనుకుని కూర్చున్న చెల్లెలిదని తెలుసు. కొంగుతో ముక్కు తుడుచుకుని, పిల్లలకి వినపడకుండా నా వైపు వంగింది.

"వస్తదానే?" అని అడిగింది.