కాలిన్ తుపాకీకి నేను వేసిన అతుకు

ఇరవై ఏళ్లు దాటింది. ఈ సంగతి నా భార్యకు చెప్పలేదు. చర్చిలో ఏ పాస్టరుకూ చెప్పలేదు. ప్రార్థనలో కూడా దీన్ని దీనిగా చెప్పుకోలేదు. తెలిసీ తెలియక చేసిన పాపాలు అంటూ అన్నిటితో కలిపి దాటేసేవాణ్ణి. ఇది తెలియక చేసింది కాదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

మాది ఒంగోలు. వైటూకే పనిమీద ఆస్ట్రేలియాలోని అడిలైడ్ వచ్చాను. ఊరి శివార్లలో మాసన్ లేక్స్ అనే కొత్త కాలనీ ఇంకా మట్టిదిబ్బలుగా ఉన్న రోజులవి. దానికి దగ్గర్లోనే ఒక పాత పేటలో ఇల్లు అద్దెకు తీసుకున్నాం. రోజంతా ఎవరో ఎప్పుడో రాసిన ప్రోగ్రాములు ముందేసుకుని, సంవత్సరానికి రెండంకెలున్న చోట నాలుగు చేయడం నా ఉద్యోగం. సాయంత్రానికి ఏం చేశానో చూపించడానికి ఏమీ ఉండేది కాదు. చేత్తో పట్టుకునే పని ఏదైనా చేయాలనిపించి వెల్డింగ్ క్లాసులో చేరాను. చిన్న మిషను కొనుక్కుని గ్యారేజీలో పెట్టుకున్నాను. గేటు బాగుచేశాను, పూలకుండీలకు స్టాండు చేశాను.

"ఆఫీసులో సాఫ్ట్‌వేరు, ఇంటికొస్తే వెల్డింగు షాపు. మా నాన్నకి ఇదంతా చెప్పలేదేంటండీ పెళ్లిచూపుల్లో?" అని నా భార్య సుజాత నవ్వేది.

పక్కింట్లో కాలిన్ ఉండేవాడు. రైల్వేలో పనిచేసి రిటైరయ్యాడు, భార్య పోయింది. మొదటిరోజు అలవాటుకొద్దీ "అంకుల్" అన్నాను. "కాలిన్ అను చాలు, మేట్" అన్నాడు. సుజాతకు నొప్పులొచ్చిన రోజు నేను ఆఫీసులో ఉంటే ఆమెను కారులో ఆసుపత్రికి చేర్చింది ఆయనే. నేను వెళ్లేసరికి బయట బెంచీ మీద సుజాత చెప్పులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

ఆయనకు ఒక అన్న, కీత్. రెండు గంటల దూరంలో గోధుమ పొలం. అన్నదమ్ములిద్దరూ నెలకోసారి ఆ పొలంలో కుందేళ్లు కొట్టేవాళ్లు. వాళ్ల నాన్న వదిలివెళ్లిన డబుల్ బ్యారెల్ తుపాకీ కాలిన్ దగ్గర ఉండేది, లైసెన్సుతో సహా. తూటాలు మాత్రం కీత్ నింపేవాడు. ఒకసారి నన్నూ తీసుకెళ్లారు. వరండాలో కళ్లద్దాలు పెట్టుకుని, చిన్న త్రాసులో ఒక్కొక్క తూటాకూ తుపాకీమందు తూచి పోస్తుంటే చూశాను. పలకరిస్తే పలికేవాడు కాదు, అది పూర్తయ్యేదాకా.

ఒక శనివారం కాలిన్ ఆ తుపాకీని దుప్పట్లో చుట్టి నా గ్యారేజీకి తెచ్చాడు. ఎడమ గొట్టం మీద తుప్పు తిన్న గుంటలు. కీత్‌కు డెబ్బై నిండుతున్నాయట. నాన్న చేతిలో ఉన్నప్పుడు ఎలా ఉండేదో అలా చేసి చూపించాలని ఆయన ముచ్చట. గుంటలు పూడ్చి నున్నగా చేయగలవా అని అడిగాడు.

లేదనాల్సింది. తుపాకీ పనికి లైసెన్సున్న మనిషి వేరే ఉంటాడని నాకు తెలుసు. అంత పల్చని ఉక్కు మీద నేనెప్పుడూ చేయిపెట్టలేదనీ తెలుసు. ఎందుకు సరేనన్నాను? ఆయన ఋణం తీర్చుకోవాలనా? అలా అనుకుంటే నాకు బాగానే ఉంటుంది. నిజమేమిటంటే, నా చేతిపని చూసి ఒకరు ఇంత విలువైనది తెచ్చి ఇచ్చారన్న గర్వం.

మూడు గుంటలు బాగానే పూడాయి. నాలుగో దాని దగ్గర చెయ్యి ఒక్క క్షణం ఎక్కువ ఆగింది. ఎర్రటి వెలుగు మధ్యలో నల్లటి చుక్క. గొట్టానికి రంధ్రం పడింది.

మిషను ఆపేశాను. కాసేపు స్టూలు మీద కూర్చున్నాను. తర్వాత లేచి ఆ రంధ్రాన్ని పూడ్చాను. ఆకురాయితో సమం చేసి, నల్లరంగు పట్టించి, గుడ్డతో తుడిచాను. ఎక్కడ పడిందో నేనే వెతుక్కోవలసి వచ్చింది. అంత అందంగా కుదిరింది. సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆ క్షణంలో నాకు సంతోషం వేసింది.

సాయంత్రం కాలిన్ వచ్చాడు. గొట్టాన్ని వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నాన్న చూస్తే ఏడ్చేవాడు" అన్నాడు. తర్వాత అడిగాడు, "దీంతో కాల్చొచ్చు కదా?"

"పైపైన గుంటలు పూడ్చానంతే. లోపలికేం తగల్లేదు."

"కాల్చొచ్చు అంటావు."

"కాల్చొచ్చు."

"నువ్వన్నావంటే చాలు, మేట్."

గోడకు తగిలించుకోమని ఎందుకు అనలేకపోయాను? ఒక్క మాట. రంధ్రం పడిందని కూడా చెప్పనక్కర్లేదు, ఇది చూసుకోవడానికే బాగుంటుంది కాలిన్ అంటే సరిపోయేది.

కీత్ పుట్టినరోజునాడు పొలంలో ఆ గొట్టం పేలిపోయింది. కాలిన్ ఎడమచేతి వేళ్లు రెండు పోయాయి.

ఆసుపత్రికి వెళ్లాను. నన్ను చూసి ఆయనే ధైర్యం చెప్పాడు.

"నీ అతుకు సంగతి పోలీసులకి చెప్పలేదులే. ఇక్కడ ఉండిపోవడానికి నీ పీఆర్ కాగితాలు ఇంకా రాలేదు కదా, అనవసరంగా నీ పేరెందుకు? నువ్వు చేసింది పైపనే. మందు ఎక్కువ పోశాడు కీత్. ముసలాడికి కళ్లు సరిగ్గా కనబడవు, చెప్తే వినడు."

నేను తలూపాను. ఊరికే వినడం కాదు. అవునన్నట్టు తలూపాను.

పాత తుపాకీ, ఇంట్లో నింపిన తూటా. పోలీసులు అంతే రాసుకున్నారు. కీత్ ఎన్నోసార్లు ఫోను చేశాడు. సరిగ్గానే తూచాను, ఎప్పుడూ తూచినట్టే తూచాను, ఇదే మాట. కొన్నాళ్లకు కాలిన్ ఫోను ఎత్తడం మానేశాడు. ఆ త్రాసు కీత్ ఎవరికో ఇచ్చేశాడని తర్వాత తెలిసింది. అంటే చివరికి ఆయన కూడా తనదే తప్పనుకున్నాడా? చేయని తప్పును ఒక ముసలాయన ఒప్పుకుని ఉంటాడు, చేసినవాణ్ణి నేను ఒప్పుకోలేదు.

కాలిన్‌కి చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమయ్యేది. పొద్దున్నే ఆఫీసుకు వెళ్తూ నేను పెట్టేవాణ్ణి. "ఎంత మంచివాడివి" అనేవాడు.

రెండేళ్ల తర్వాత కీత్ పోయాడు. అంత్యక్రియల రోజు పొద్దున కాలిన్ పిలిస్తే వెళ్లాను. సూటు వేసుకుని వంటగదిలో కూర్చున్నాడు. టై కట్టమన్నాడు, కట్టాను. నేనే కారులో తీసుకెళ్లాలి.

"నేను రాను" అన్నాడు ఉన్నట్టుండి. "ఒక్కసారైనా సారీ చెప్పలేదు వాడు. ఒక్కసారి. అదే కదా నేను అడిగింది."

అప్పటికి నా పీఆర్ వచ్చి ఏడాది దాటింది. నన్నెవరూ ఎక్కడికీ పంపేయరు. భయపడ్డానని చెప్పుకోవడానికి ఏ సాకూ మిగల్లేదు. మాట గొంతుదాకా వచ్చింది. ఆయన నావైపు చూశాడు, ఆ చూపులో నేను మంచివాణ్ణి. అది పోగొట్టుకోలేకపోయాను. అంతే. దానికోసం ఒక మనిషిని తన అన్న శవపేటిక దగ్గరికి వెళ్లనివ్వలేదు.

"టై బిగుతుగా ఉంది" అన్నాడు. ఊడదీశాను.

తర్వాత ఆయన క్వీన్స్‌లాండ్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. క్రిస్మస్ క్రిస్మస్‌కూ ముసలితనపు వంకర రాతతో కార్డు వచ్చేది. ప్రతిసారీ జవాబులో రాద్దామని కూర్చునేవాణ్ణి. పిల్లాడి చదువు గురించి, వానల గురించి రాసి పంపేవాణ్ణి. పోయిన ఏడాది కార్డు కూతురు రాసింది. నాన్న పోయారు, మీలాంటి పొరుగువాళ్లు మళ్లీ దొరకలేదని అంటుండేవారు అని.

సుజాత ఆ కార్డు చదివి ఏడ్చింది. "మనకి దేవుడిచ్చిన మనిషండీ ఆయన" అంది. నేను అక్కడే నిలబడ్డాను. ఆమెకూ చెప్పలేదు.

ఇప్పుడు చెప్పి ఎవరికి ఏం ఒరుగుతుంది? క్షమించాల్సిన ఇద్దరూ లేరు. మీరు క్షమించినా అది నాకు చెల్లదు, అందుకని అడగను. ఒక్క మాట మాత్రం ఎవరి చెవినైనా వేయాలి. ఆ గొట్టానికి రంధ్రం చేసింది నేను. కప్పిపెట్టింది నేను. కాల్చొచ్చు అన్నది నేను. కీత్ మందు సరిగ్గానే తూచాడు.

అన్నాను.