నున్నటి గడ్డం మీద బొగ్గు వేళ్ళు

నా చిన్నప్పుడు, నిజాం కాలంలో, మా తొండుపల్లిలో పళ్ళు తోముకోవడానికి వేపపుల్ల ఉండేది, లేదంటే పొయ్యిలోంచి తీసి నూరుకున్న బొగ్గు. గడ్డాలు గీయడానికి మంగలి వారానికోసారి వచ్చేవాడు. పొద్దున్నే అందరూ అరుగుల మీద కూర్చుని తోముకుంటూ ఊరి ముచ్చట్లన్నీ చెప్పుకునేవాళ్ళు.

అలాంటి ఊరికి, పక్కింటి అక్కను చూడటానికి పట్నం నుంచి ఒక సంబంధం వచ్చింది. పిల్లగాడూ అతని మేనమామా సాయంత్రం బండి దిగి, రాత్రికి అక్కావాళ్ళింట్లోనే పడుకున్నారు. తెల్లారగానే పిల్లగాడు అరుగు మీద అద్దం నిలబెట్టుకుని గడ్డం గీసుకోవడం మొదలుపెట్టాడు. ఎంతసేపు గీశాడో! ఈ చెంప, ఆ చెంప, మళ్ళీ ఈ చెంప. నీళ్ళు చల్లారాయని అక్కావాళ్ళమ్మను మాటిమాటికీ పొయ్యి దగ్గరికి పరుగెత్తించాడు. ఉన్న గడ్డమే నాలుగు వెంట్రుకలు, దానికి ఆ రాజభోగం! తర్వాత డబ్బాలోంచి గులాబీరంగు పళ్ళపొడి తీసి, మా వేపపుల్లలను చూసి మూతి తిప్పాడు.

మేనమామ అంతకన్నా ఘనుడు. బొగ్గుతో తోమితే పళ్ళు లోపల నల్లబడతాయని అతనికెవరో చెప్పారట. అక్కను బయటికి పిలిపించి, వాడకట్టంతా చూస్తుండగా, "జర నోరు తెరువు బిడ్డా, పండ్లు సూస్తం" అన్నాడు.

అక్క మొహం కందిపోయింది. సంబంధం చెడుతుందని వాళ్ళ నాయన మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఇక ఆ పిల్లగాడు! ఇదేం మాట మామా అని ఒక్క ముక్క అనకుండా, గీసిన చెంపను తడుముకుంటూ కూర్చున్నాడు. ఇంకాసేపైతే అక్క ఏడుస్తూనే నోరు తెరిచేది.

మా అరుగు మీద బొగ్గుతో పళ్ళు తోముకుంటున్న నాయనమ్మ పుక్కిలించి ఉమ్మి, లేచి వచ్చింది. ఆ నల్లటి వేళ్ళతోనే పిల్లగాడి గడ్డం పట్టుకుంది.

"ముందుగాల నువ్వు తెరువు కొడుకా."

వాడెంత బుద్ధిమంతుడంటే, తెరిచాడు! నాయనమ్మ అంగడిలో పశువును చూసినట్టు కింది పెదవి లాగి, మొహం అటూ ఇటూ తిప్పి చూసింది.

"పండ్లు మంచిగనే ఉన్నయి. ఎద్దువైతే కొంటుంటి. పెండ్లిపిల్లగాడంటే మాకు మనిషి గావాలె. ఇగ పో."

నున్నటి గడ్డం మీద నాలుగు నల్లటి మరకలు. అక్క పగలబడి నవ్వింది. చూస్తామన్న పళ్ళు అప్పుడు కనిపించాయి వాళ్ళకు, తెల్లగా. నవ్వు ఆపుకుని, "నాకు ఈయన వద్దు బాపు" అని లోపలికి పోయింది. బండి కట్టించుకుని వాళ్ళు వెళ్ళిపోయారు. సంబంధం చెడగొట్టిందని అక్కావాళ్ళమ్మ చాలారోజులు నాయనమ్మతో మాట్లాడలేదు. నాయనమ్మ పట్టించుకోలేదు. అక్క మాత్రం రోజూ పొద్దున్నే వచ్చి నాయనమ్మ పక్కనే కూర్చుని పళ్ళు తోముకునేది.

నాకు కోపాలు చాలా వచ్చాయి, వయసుతో పాటు చాలామటుకు పోయాయి. ఆ గీసిన మొహం మీద అసహ్యం మాత్రం పోలేదు, పోనివ్వలేదు కూడా. పెళ్ళిచూపుల్లో ఎవరైనా ఆడపిల్లను ఎగాదిగా చూస్తుంటే, వాళ్ళు తల దించుకునేదాకా నేను వాళ్ళ మొహంలోకే చూస్తాను.