రమ్మన్న చెయ్యి

రైల్వే స్టేషన్‌లో అతన్ని అందరూ పదిహేడు అనే పిలుస్తారు. జబ్బకు కట్టుకునే ఇత్తడి బిళ్ళ మీది నంబరది. ఆ బిళ్ళ మొదట అతని అన్నయ్యది. అన్న పోయాక తమ్ముడికిచ్చారు. పదకొండేళ్ళయినా సరే, "పదిహేడూ!" అని ఎవరైనా కేకేస్తే, అన్న వస్తున్నాడేమోనని ముందు వెనక్కి తిరిగి చూస్తాడు. తోటి కూలీలు నవ్వుతారు. నవ్వరూ మరి!

ఈ ఏడాది స్టేషన్‌కి మహర్దశ పట్టింది. కొత్త కప్పు, లిఫ్టు, పట్టాల మీదుగా వంతెన. అభివృద్ధి అంటే కూర్చున్నవాణ్ణి నిలబెట్టడం కదా, కూలీలు నడుం వాల్చే రేకుల గది మాత్రం పడగొట్టారు. రెండో ప్లాట్‌ఫారం గోడ మీద బొమ్మలు వెయ్యడానికి ఒక అమ్మాయి వచ్చింది. ఎవరి దగ్గరో దొరికిన పాత ఫోటో చూసి, నెత్తిన రెండు పెట్టెలతో నవ్వుతున్న అన్నను నిలువెత్తున గీసింది. జబ్బకు బిళ్ళ కూడా వేసింది.

అంతవరకూ బాగానే ఉంది. గోడ చివర, బొమ్మలోని పట్టాలకు అవతల, మనిషి లేకుండా ఒక్క చెయ్యి గీసింది. రా, రా అని పిలుస్తున్న చెయ్యి. అది చూసి పదిహేడు గబగబా ఆ అమ్మాయి దగ్గరికి వచ్చాడు.

"ఆ చెయ్యి తీసెయ్యమ్మా," అన్నాడు.

"తీసేస్తే ఆయన ఎవరిని చూసి నవ్వుతున్నట్టు బాబాయ్?" అందా పిల్ల.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, కుడిచెయ్యి వెనక్కి దాచుకున్నాడు.

ఆ అమ్మాయికేం తెలుసు పాపం! అన్న పోయిన రోజు అవతలి ప్లాట్‌ఫారం మీద నాలుగు బరువైన పెట్టెలున్నాయి. ఒక్కడివల్ల అయ్యే పని కాదు. "రా అన్నా, బండి రాదు, నేను చూస్తున్నాగా!" అని చెయ్యి ఊపింది ఇతనే. అన్న నవ్వుతూ పట్టాల మీదికి దిగాడు. బండి వచ్చింది. ఇతను పెట్టెల వైపు చూస్తున్నాడు. తర్వాత అడిగినవాళ్ళందరికీ ఒకటే చెప్పాడు. "తొందరపడి దాటాడు."

వదిన ఆ మాట నమ్మింది. నమ్మి ఊరుకున్నా బాగుండేది. ఒంట్లో బాగాలేక, ఆ ఉదయం భర్తను పెందలాడే ఇంటికి రమ్మందట ఆవిడ. "నేనే రమ్మన్నా, నేనే చంపుకున్నా" అని పదకొండేళ్ళుగా ఏడుస్తూనే ఉంది. ప్రతి ఆదివారం ఆవిడ వడ్డించిన అన్నం తింటూ ఇతను తల వంచుకుని వింటూనే ఉన్నాడు. నిజం నోటిదాకా వచ్చేది. ముద్దతో పాటు మింగేసేవాడు, పిరికి సన్నాసి. బరువులు మోయడానికి పుట్టినవాడు తన బరువు మాత్రం ఆవిడ నెత్తిన పెట్టి ఊరుకున్నాడు.

కొత్త స్టేషన్ ప్రారంభోత్సవానికి వస్తానని వదిన కబురు పెట్టింది. బొమ్మలమ్మాయి పని ముగించుకుని వెళ్ళిపోగానే, మేస్త్రీల తొట్టిలోంచి సున్నం తెచ్చి ఆ చెయ్యి మీద మూడు పూతలు వేశాడు. ఆరాక తెల్లగా కనబడింది. హమ్మయ్య అనుకున్నాడు. మర్నాడు పొద్దున్నే ఊడ్చే ఆవిడ గొట్టం పెట్టి గోడ కడిగింది. తడిసిన సున్నం పలచబడి, ముందు వేళ్ళు, తర్వాత అరచెయ్యి నెమ్మదిగా పైకి తేలాయి. ఎండెక్కి గోడ ఆరాక మాయమయ్యాయి. రోజూ ఇదే వరస. పూత మీద పూత వేసి విసిగిపోయాడు. చివరికి నిద్రలో కూడా అన్న కనబడ్డం మానేసి ఆ చెయ్యే కనబడసాగింది.

ప్రారంభోత్సవం పొద్దున వదిన అందరికంటే ముందే వచ్చేసింది. గోడ ఇంకా తడిగానే ఉంది. భర్త బొమ్మ ముందు చాలాసేపు నిలబడింది.

"మొహంలో తొందరే లేదయ్యా," అంది. "ఇంటికి పరిగెత్తేవాడిలా లేడు. అదుగో, అక్కడెవరో పిలుస్తున్నారు. ఎవరిదయ్యా ఆ చెయ్యి?"

'ఎవరో ప్రయాణికుడు' అంటే సరిపోయేది. గోడ ఆరేదాకా ఏవో కబుర్లు చెప్పినా సరిపోయేది. కానీ ఆవిడ కళ్ళొత్తుకుంటూ, "నా పిచ్చిగానీ, నేను రమ్మనకపోతే..." అని మళ్ళీ మొదలుపెట్టింది. ఇక తట్టుకోలేకపోయాడు.

"నాదే వదినా. నేనే రమ్మన్నాను. బండి రాదన్నాను."

వదిన అతని మొహంలోకి చూసింది. తర్వాత అతని చేతికేసి చూసింది.

"పదకొండేళ్ళు నేను ఏడుస్తుంటే, ఎదురుగా కూర్చుని నా చేతి అన్నం ఎలా తిన్నావయ్యా?"

ఆవిడ వెనుదిరిగింది. కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టుకీ ఓపిక కూడదీసుకుంటూ, కొత్త వంతెన ఎక్కడం మొదలుపెట్టింది. "వదినా, ఆగు" అని పిలవబోయి అతను చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి తన కంటపడింది. రెండో చేత్తో దాన్ని పట్టుకుని కిందికి దించుకున్నాడు.