ఆరేసిన చీపురు

జర్మనీలోని మా మోజెల్ నది తిన్నగా పారడం చేతకాక వంకలు తిరగలేదు. మా అమ్మమ్మ క్లోథిల్డె సైకిల్ మీద వస్తుంటే పక్కకు తప్పుకుని తప్పుకుని అలా అయింది. డెబ్బై ఆరేళ్ల వయసులో, మూడు గేర్లలో రెండు పనిచేయని సైకిల్ మీద, ఆమె నాలుగు రోజుల్లో మా ఊరి నుంచి కోబ్లెంజ్ చేరింది. నేనూ చేరాను. నాది బ్యాటరీ సైకిల్ కాబట్టి కొంచెం వెనకగా చేరాను.

ఊళ్లో అందరికీ విహారయాత్ర అని చెప్పింది. అది ఒట్టి పంతం. తాతయ్య ఆలోయిస్ పోయి రెండేళ్లయింది. అప్పటి నుంచి మా గేటుకు చీపురు కట్టలేదు. మా వైపు ఎండు రెమ్మల చీపురు వేలాడే ఇంట్లోకి ఎవరైనా తలుపు తోసుకుని వచ్చి, ఆ ఇంటివాళ్లు చేసిన వైన్ కొనుక్కుని తాగవచ్చు. మా గేటు బోసిగా ఉంది. ఇంటి వెనక కొండవాలు మీద ద్రాక్ష తీగలు మాత్రం తాతయ్య పోయిన సంగతి ఎవరూ చెప్పనట్టు కాస్తూనే ఉన్నాయి. పక్కింటి రూపర్ట్ ఆ వాలును కౌలుకు ఇమ్మన్నాడు. ఇచ్చేయమని మా అమ్మ పోరు పెట్టింది. నిచ్చెన లాంటి ఆ వాలు మీద ముసలావిడ కాలు జారితే నదిలోనే వెతుక్కోవాలని ఆమె భయం.

అమ్మమ్మ మా అందరి ముందూ మాట ఇచ్చింది. తాతయ్య చివరి ఏడాది చేసిన వైన్ కంటే మంచిది దారిలో చీపురు కట్టిన ఏ గేటు దగ్గర దొరికినా, వాలు రూపర్ట్‌కే. దొరక్కపోతే తిరిగొచ్చి చీపురు కడుతుంది. పోటీకి న్యాయనిర్ణేత కూడా ఆమే. ఇంతకంటే నిష్పక్షపాతమైన ఏర్పాటు నేను ఎరగను.

రుచి మరిచిపోకుండా తాతయ్య సీసా ఒకటి ఉన్ని మేజోడులో చుట్టి సైకిల్ సంచిలో పెట్టుకుంది. పొద్దున్నే మూత తీసి ఒక గుక్క తాగి, అప్పుడు ఎదుటివాళ్ల మీద పడేది.

మొదటి ఇంటి వైన్ పులుపంది. రెండోది తీపంది. మూడో చోట వైన్‌లో తప్పు దొరక్క, గ్లాసు పొట్టిగా ఉందని కొట్టేసింది. రెండో రోజు ఒక ఇంట్లో నాకు చాలా నచ్చింది. ఆ ఇల్లు నదికి నీడ ఒడ్డున ఉంది కాబట్టి లెక్కలోకి రాదంది. మేం ఎండ ఒడ్డువాళ్లం. ఆ ఎండను మేమే కష్టపడి సంపాదించినట్టు తొమ్మిది వందల ఏళ్లుగా ప్రవర్తిస్తున్నాం. మూడో రోజంతా వాన. బస్ స్టాప్‌లో కూర్చుని రొట్టె తింటూ సీసా వాసన చూసుకుంది. ఆ పూట గుక్క తాగకుండానే మూత పెట్టేసింది.

నాలుగో రోజు సాయంత్రం, కోబ్లెంజ్‌కు కాస్త ఇవతల, గేటుకు చీపురు కనిపించింది. లోపల ఒక పెద్దాయన బల్ల దగ్గర కూర్చుని పిల్లతేగల లాంటి తెల్లని ఆస్పరాగస్ కాడల చెక్కు తీస్తున్నాడు. పేరు టిస్సెన్ అని తర్వాత తెలిసింది. అమ్మమ్మ కుర్చీ లాక్కుని, బల్లగుడ్డ ఉతికి ఎన్నాళ్లయిందని అడిగింది. ఆయన ఒకసారి చూసి, రెండు గ్లాసులు నింపాడు.

అమ్మమ్మ ఒక గుక్క తాగింది. ఇంకొకటి తాగింది. ఇరవై రెండు గ్లాసులకు వంక పెట్టిన మనిషి, ఇరవై మూడో గ్లాసు చేతిలో పట్టుకుని కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. ఎలా ఉందని అడిగితే గదిలో వెలుతురు చాలదంది. చివరికి సంచి తెరిచింది.

"ఎంతివ్వమంటారు?"

"దేనికండీ? ఇది మా వంటిల్లు."

"గేటుకి చీపురు కట్టారుగా?"

"కడిగి ఆరేశాను. మీరు మా ఆవిడ తరఫువాళ్లనుకున్నా. వాళ్లే ఇలా చెప్పా పెట్టకుండా వచ్చి బల్లగుడ్డకి వంక పెడతారు."

ఆ వైన్ పెరట్లోని ముప్పై తీగలదట. ఇంట్లోకే చేసుకుంటాడట. అమ్మమ్మ మేజోడులోంచి సీసా తీసి, మిగిలిందంతా ఆయన గ్లాసులో పోసింది. ఆయన వాసన చూసి, తాగి, గ్లాసు మెల్లగా కింద పెట్టాడు.

"మూత తీసిన రోజున ఇది చాలా బాగుండి ఉంటుంది" అన్నాడు.

"నాకూ నిన్నే తెలిసింది" అంది అమ్మమ్మ.

తిరుగు రైలులో చాలాసేపు ఖాళీ సీసా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. వాలు రూపర్ట్‌దేనా అని అడిగాను.

"ఆ టిస్సెన్‌ది లెక్కలోకి రాదే. నేను చెప్పింది చీపురు కట్టిన గేట్ల సంగతి."

"ఆ గేటుకీ చీపురుందిగా, అమ్మమ్మా?"

"అది వాకిలి ఊడ్చేది." సీసా సంచిలో పెట్టేస్తూ, "మీ తాత చేసింది ఇక నిలవ ఉండదు. మళ్లీ చేయాల్సిందే" అంది.

శనివారం మా గేటుకు చీపురు ఎక్కింది. తాతయ్య మిగిల్చిన సీసాల్లోంచి మొదటి గ్లాసు రూపర్టే తాగాడు. అంత పులిసిన మొహంతో తియ్యటి వైన్ తాగడం తేలిక కాదు.

నిన్న వాలు మీద ఆమె ద్రాక్ష తీగల కొత్త రెమ్మలు కడుతుంటే, కింద కూర్చుని ఇదంతా చదివి వినిపించాను. పని ఆపకుండా చివరిదాకా వింది.

"నా సైకిల్‌కి మూడు గేర్లూ పనిచేస్తాయి, మిగతా రెండిటితో నాకు పని పడలేదంతే. ఆ టిస్సెన్ వైన్ గురించి రాసిన ముక్క కొట్టేసి, పైకొచ్చి ఈ వరస కట్టు."