ఓబళప్ప తుడిచిన బెరడు

కాటన్‌పేటలో రాతిపువ్వు అంటే ఓబళప్ప అంగడే. ఆ ఓబళప్పను నేనే. మసాలాలో వేసుకునే ఆ పువ్వు నిజానికి పువ్వూ కాదు, రాతి మీదే పుట్టాలన్న నియమమూ లేదు. చెట్ల బెరడు మీదా పెరిగే ఒక రకం పాచి. దాన్ని బ్రష్షుతో దులిపి, చేటలో చెరిగి, దుమ్ము రేణువు లేకుండా అమ్ముతాను. నాలుగో తరగతి మూడుసార్లు తప్పినవాడికి ఆ మాత్రం గొప్పైనా ఉండొద్దా?

1943లో, కాలేజీలో చెట్టూచేమల పాఠం చెప్పే గోపాలప్ప మేష్ట్రు నా వెంట బిళిగిరి కొండలకు వచ్చారు. నేను సరుకు కోసం, ఆయన ఏదో సూదిపాచి కోసం. మూడు రోజులు వెతికినా అది దొరకలేదు. నాలుగో రోజు వాన పట్టుకుంటే ఒక ముసలి మాను తొర్రలో దూరాను. బయటికొచ్చేసరికి తెల్లచొక్కా వీపంతా మసి. నేను మానును తిడుతుంటే మేష్ట్రు భూతద్దంతో నా వీపుకు అతుక్కుపోయారు.

"కదలొద్దప్పా! ఇదే!"

తొర్రలోపల బెరడు మీద గుండుసూదులు గుచ్చినట్టు సన్నటి నల్ల కాడలు. వెంట్రుకంత లావు లేవు. ఒక్కోదాని తలమీద కాస్త మసి, నా వీపుకు అంటింది అదే.

"వాన తగలని తావున, ఎవురూ కొట్టని ముసలి మానుమిందే ఇది బతికేది. కనిపెట్టింది నువ్వే ఓబళప్పా, కాలేజీ బీరువాలో దీన్ని పెట్టి చీటీ మింద నీ పేరే రాస్తా" అన్నారు.

కనిపెట్టింది నా వీపు. అయినా ఒప్పుకున్నాను. నన్ను దద్దమ్మా అని పిలవని రోజు లేదు మా నాయన ఆదినారాయణప్పకు. కాలేజీ బీరువాలో నా పేరు ఆయనకు చూపించాలని ప్రాణం కొట్టుకుంది.

మేష్ట్రు ఇంకో వారం అక్కడే ఉంటానని, బెరడు ముక్కను కాగితంలో చుట్టి నాకిచ్చారు. "జోపానంగా ఎత్తిపెట్టు" అన్నారు.

ఇంటికొచ్చి విప్పితే, ఛీ, అంతా మసి! నా పేరుతో కాలేజీకి పోయే సరుకు ఇట్లా ఉండొచ్చా? ఒక పూటంతా బ్రష్షుతో దులిపి, తడిగుడ్డతో తుడిచాను.

మేష్ట్రు తిరిగొచ్చి భూతద్దంలో అటు చూశారు, ఇటు చూశారు. "సూదులు యాడప్పా?"

"దుమ్ము ఉన్నింది మేష్ట్రే. శుభ్రం చేసి పెట్టినా" అన్నాను, మెచ్చుకుంటారనుకుని.

వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు. నేను కోతిని కూడా మిగల్చలేదు. ఆయన తిట్టలేదు. నాకే ఏడుపొచ్చింది.

బతిమాలి మళ్ళీ ఆయన్ను బయలుదేరదీశాను. యుద్ధపు రోజులు, పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుతో నడుస్తున్నాయి. కొండెక్కి చూస్తే మాను లేదు, మొద్దు ఉంది. పక్కనే బొగ్గు బట్టీ.

"మనం వచ్చిన బస్సుకే పోసినారేమో" అన్నారు మేష్ట్రు. ఆయన మొహం చూడలేకపోయాను.

అయినా ఆయన మాట తప్పలేదు. ఆ వట్టి బెరడును బీరువాలో పెట్టి చీటీ అంటించారు: "సూదిపాచి ఉండిన బెరడు. చూపినది ఓబళప్ప. తుడిచినది ఓబళప్ప."

"నీ పేరు రాసినారంట కదరా, ఎప్పుడు చూపిస్తావు?" అని మా నాయన అడుగుతూనే ఉన్నాడు. కాలేజీకి సెలవులని చెబుతున్నాను, రెండేళ్ళుగా.