మునిగిన నావ కాడి వాలుగలు

పొద్దున మార్కెట్లో ఒకామె చేపలమ్మిని "ఎక్కడియివి?" అని అడుగుతుంటే విని ఆగిపోయాను.

మంథనిలో నాతో పెరిగినవాళ్లారా, గోదావరిలో మునిగిన ఆ నావ మీకు గుర్తుండే ఉంటుంది. నడిపింది మా బాపే. వరదలో నలుగురు పోయారు, బాపు బతికాడు. ఎండాకాలం నీళ్లు తగ్గితే దాని అంచు పైకి కనిపించేది. ఎండకు ఇంకా తారు వాసన వచ్చేది. చెక్కల సందుల్లో పొడుగు మీసాల వాలుగలు దాక్కునేవి. అక్కడికి ఇంకెవరూ వచ్చేవాళ్లు కాదు. బాపూ నేనూ ఎర్రలు గుచ్చి గాలం వేసేవాళ్లం.

మోదుగాకుల్లో చుట్టి ఊళ్లోకి తెస్తే అందరూ ఒకటే అడిగేవాళ్లు. "గా నావకాడియా?"

బాపు తలూపేవాడు. ఎవరూ కొనేవాళ్లు కాదు.

ఒకసారి ఒకామె అలా అడిగితే నేనే ముందుపడి "కాదు, మడుగులయి" అన్నాను. ఆమె సంతోషంగా గిన్నె చాపింది, నేనొక చేప వేశాను. బాపు అందులోంచి చేప వెనక్కి తీసుకున్నాడు.

"నావ ముంచినోన్ని బిడ్డా. గిప్పుడు అవద్దం గూడ ఎందుకు?"

ఆ పూట పులుసంతా మేమిద్దరమే తిన్నాం. పక్కింటికి గిన్నె పంపడం అప్పటికే మానేశాం.

ఇవాళ నేను ఎక్కడివని అడగలేదు. రెండు కిలోలు కొన్నాను. ఇంట్లో తినేది నేనొక్కదాన్నే.